ప్యాడ్ కొట్టాక డ్రమ్ శబ్దం ఆలస్యంగా వస్తోంది, బఫర్ తగ్గించినా మార్పు లేదు

కర్రలజత | రాత్రి 9:12

అందరికీ నమస్కారం. రెండు వారాలుగా ఒకే సమస్యతో కొట్టుకుంటున్నా. ఇక మీ సాయం కావాలి.

నాది ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్. మాడ్యూల్ (ప్యాడ్లన్నీ కలిసే పెట్టె) నుంచి యూఎస్‌బీ కేబుల్ నేరుగా ల్యాప్‌టాప్‌కి వెళ్తుంది. విండోస్, రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్, అందులో డ్రమ్ శబ్దాలు మోగించే ఒక ప్లగిన్ (అదనపు ప్రోగ్రాం). శబ్దం బయటికి రావడానికి చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, దానికి హెడ్‌ఫోన్. మా బ్యాండ్ పాట ఒకటి రికార్డ్ చేస్తున్నాం. గిటార్, బేస్, కీబోర్డ్ అయిపోయాయి. వాటిని కాస్త మిక్స్ చేసి కూడా పెట్టుకున్నా. ఇప్పుడు వాటి మీద డ్రమ్స్ వాయించాలి.

ఇక్కడే ఆగిపోయా. రబ్బరు మీద కర్ర తగిలిన "టక్" ముందు వినిపిస్తోంది, స్నేర్ ఆ తర్వాత వస్తోంది. మామూలు బీట్ అయితే ఎలాగో నెట్టుకొస్తున్నా. రోల్ (వరసగా వేగంగా కొట్టే దెబ్బలు) మొదలుపెట్టానంటే చేతులు తడబడతాయి, బురదలో నడిచినట్టు ఉంటుంది. బఫర్ (శబ్దాన్ని పంపేముందు పోగేసే మోతాదు) 512 నుంచి 256కి, అక్కడి నుంచి 128కి తగ్గించా. ఇసుమంత తేడా లేదు.

ఇంకో వింత. రికార్డైన మిడీ (శబ్దం కాదు, ఏ దెబ్బ ఎప్పుడు ఎంత గట్టిగా పడిందన్న సమాచారం) చూస్తే నా నోట్లన్నీ బీట్ చూపే గ్రిడ్ గీతకి ముందే పడ్డాయి. ఆలస్యం సమస్య అయితే వెనక పడాలి కదా?

తెలిసినవాళ్లు ల్యాప్‌టాప్ మార్చమంటున్నారు. కానీ సీపీయూ 20 శాతం కూడా దాటట్లేదు. వచ్చే వారం గాయనికి ట్రాక్ పంపాలి. టెన్షన్‌గా ఉంది.

మిక్స్‌గది | రాత్రి 9:31

ల్యాప్‌టాప్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. సీపీయూ 20 శాతంలో ఉండి శబ్దం చిటపటలాడకుండా వస్తోందంటే మెషీన్‌కి ఓపిక బాగానే ఉంది.

ముందు ఇవి చెప్పండి. హెడ్‌ఫోన్ వైరుదా, బ్లూటూతా? ఏ డ్రైవర్ వాడుతున్నారు? బఫర్ ఎక్కడ మారుస్తున్నారు, రీపర్‌లోనా, ఇంటర్‌ఫేస్ కంట్రోల్ ప్యానెల్‌లోనా? ప్లగిన్లు ఏమేం పెట్టారు?

లయ_పిచ్చి | రాత్రి 9:40

బ్లూటూత్ అయితే ఇంకేం వెతకొద్దు అన్నా, అదే కారణం. మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లో 100 మిల్లీసెకన్ల పైనే పోతుంది. పాట వినడానికి పర్లేదు కానీ వాయించడానికి పనికిరాదు.

కర్రలజత | రాత్రి 9:52

వైరుదే తమ్ముడూ, ఇంటర్‌ఫేస్‌కే పెట్టా.

మిక్స్‌గది గారూ, ఇంటర్‌ఫేస్‌కి ఇచ్చిన ఆసియో డ్రైవర్ (ఆలస్యం తక్కువగా ఉండేలా శబ్దాన్ని నేరుగా పంపేది) ఇన్‌స్టాల్ చేసుకున్నా. బఫర్ దాని కంట్రోల్ ప్యానెల్‌లోనే మారుస్తున్నా. డ్రమ్ ట్రాక్ మీద డ్రమ్ ప్లగిన్ తప్ప ఏమీ లేదు. ఇంటర్‌ఫేస్ ముందువైపు డైరెక్ట్ మానిటర్ అని నాబ్ ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశా, ఏమీ మారలేదు.

తరంగరేఖ | రాత్రి 10:25

కర్రలజత గారూ, కాస్త వివరంగా రాస్తాను. శబ్దం వచ్చే దారి తెలిస్తే ఎక్కడ ఆగుతోందో మీరే పట్టుకోగలరు.

కర్ర తగలగానే ప్యాడ్ కింద ఉన్న సెన్సర్ కదులుతుంది. దెబ్బ ఎంత గట్టిదో తేల్చుకోవడానికి మాడ్యూల్ ఒకటి రెండు మిల్లీసెకన్లు ఆ కదలికని గమనిస్తుంది. దాన్నే స్కాన్ టైమ్ అంటారు. తర్వాత మిడీ సందేశం బయల్దేరుతుంది. పాత అయిదు పిన్నుల మిడీ కేబుల్ వేగం సెకనుకి 31,250 బిట్లు. ఒక నోట్ సందేశానికి మూడు బైట్లు, అంటే సుమారు 1 మిల్లీసెకను. యూఎస్‌బీలో కూడా అంతకంటే ఎక్కువేమీ పోదు. ఆ సందేశం అందుకున్న ప్లగిన్ ముందే రికార్డ్ చేసిపెట్టిన డ్రమ్ శబ్దాన్ని (దాన్నీ శాంపిల్ అనే అంటారు) మోగిస్తుంది. అది బఫర్ దాటాలి, డ్రైవర్ తన జాగ్రత్తకి పెట్టుకున్న ఇంకో చిన్న బఫర్ దాటాలి, ఆ తర్వాత హెడ్‌ఫోన్‌కి చేరుతుంది.

బఫర్ అంటే, బిందె నిండాకే ఎత్తుకెళ్లినట్టు. బిందె ఎంత పెద్దదైతే అంతసేపు ఆగాలి. లెక్క సులువు: బఫర్‌ని శాంపిల్ రేటుతో (సెకను శబ్దాన్ని ఎన్ని శాంపిల్స్‌గా, అంటే ముక్కలుగా, కొలుస్తారో ఆ అంకె) భాగించండి. 48,000 దగ్గర 128 అంటే 2.7 మిల్లీసెకన్లు, 512 అంటే 10.7, 1024 అంటే 21.3.

మీరు 512 నుంచి 128కి దిగారు. 8 మిల్లీసెకన్లు తగ్గాలి. డ్రమ్స్ వాయించే చేతికి అది తెలియకుండా ఉండదు. మీకు ఏ తేడా తెలియలేదంటే రెండిట్లో ఒకటి. మీరు మారుస్తున్న బఫర్ గుండా శబ్దం అసలు వెళ్లట్లేదు. లేదా వేరే చోట ఎంత పెద్ద ఆలస్యం ఉందంటే, దాని ముందు ఈ 8 లెక్కలోకే రావట్లేదు.

డైరెక్ట్ మానిటర్ నాబ్ సంగతి. అది మైకు, గిటార్ లాంటివి ఇంటర్‌ఫేస్ లోపలికి వచ్చేటప్పుడు వాటిని కంప్యూటర్‌ దాకా పంపకుండా నేరుగా వినిపించడానికి. మీ డ్రమ్ శబ్దం పుట్టేదే కంప్యూటర్‌లో. నాబ్‌కి దానితో పని లేదు. అలాగే రానూపోనూ లేటెన్సీ (ఆలస్యం) అని కనిపించే అంకె కూడా మీకు ముఖ్యం కాదు. బయటికి వెళ్లే సగం చూసుకోండి చాలు.

నోట్లు ముందు పడటం వింతేమీ కాదు. శబ్దం ఆలస్యంగా వస్తోందని మీ చెవికి తెలిసిపోయింది. స్నేర్ మోత బేస్‌తో కలవాలని మీ చేయి మీకు తెలియకుండానే ముందే కొడుతోంది. రీపర్ రాసుకునేది కర్ర తగిలిన క్షణం, అందుకే గీతకి ముందు. ఎంత ముందు పడ్డాయో చూడండి, ఆలస్యం ఎంతో దాదాపుగా తెలుస్తుంది.

ఇప్పుడు రీపర్‌లో ప్రిఫరెన్సెస్ తెరిచి, ఆడియో కింద డివైస్ పేజీలో ఆడియో సిస్టమ్ అన్నచోట ఏముందో చెప్పండి. డ్రైవర్ ఇన్‌స్టాల్ అయి ఉండటం వేరు, రీపర్ దాన్ని వాడుకోవడం వేరు.

కర్రలజత | మర్నాడు ఉదయం 7:05

తరంగరేఖ గారూ, దొరికింది! అక్కడ ఆసియో లేదు. వాసాపి, షేర్డ్ మోడ్ (అన్ని ప్రోగ్రాంలూ పంచుకునే విండోస్ సొంత దారి) అని ఉంది. ఎప్పుడు మార్చానో కూడా గుర్తొచ్చింది. బ్రౌజర్‌లో పాఠం వీడియో పెట్టుకుని దాంతోపాటు వాయించాలనుకున్నా. రీపర్ తెరిస్తే వీడియో శబ్దం రాలేదు, అప్పుడు ఇలా మార్చి వదిలేశా. అంటే రెండు వారాలుగా నేను మార్చిన బఫర్ ఎవరికీ చేరలేదు.

ఇప్పుడు ఆసియో, 128, 48,000 పెట్టా. పైన కుడి మూలలో అంకెలు మారాయి. వాయించి చూశా, బాగా తగ్గింది, చేతికి తెలుస్తోంది. కానీ పూర్తిగా పోలేదు. రోల్‌లో ఇంకా వెనక లాగుతోంది. పాత టేకుల్లో నోట్లు చూస్తే కొన్ని 80, కొన్ని 110 మిల్లీసెకన్లు ముందున్నాయి.

లయ_పిచ్చి | ఉదయం 7:48

శాంపిల్ రేట్ 96,000, బఫర్ 32 పెట్టేయ్ అన్నా. మిల్లీసెకనులో మూడో వంతుకి వచ్చేస్తుంది, గొడవ వదిలిపోతుంది.

తరంగరేఖ | ఉదయం 8:20

వద్దండి. లెక్క సరైనదే, కానీ 128 దగ్గర ఉన్నదే 2.7. దాన్ని 0.3కి తెచ్చినా మిగిలేది 2.4. ఇప్పుడు చేతికి తెలుస్తున్న ఆలస్యం అంతకంటే చాలా పెద్దది. పైగా రేట్ రెట్టింపు చేస్తే ప్లగిన్ల పని రెట్టింపవుతుంది. 32 దగ్గర విండోస్‌లో ఏ డ్రైవర్ కాస్త తడుముకున్నా శబ్దం తెగిపోతుంది. ఇప్పుడున్న సమస్య ఉండగానే ఇంకోటి వచ్చి చేరుతుంది.

ఘోస్ట్‌నోట్ | ఉదయం 9:02

ఊహించడం ఆపి కొలుద్దాం. చెవి మోసపోతుంది. కాఫీ తాగే టైమ్‌లో అయిపోయే పని, ఫోన్ ఉంటే చాలు.

స్నేర్ ప్యాడ్ అంచు పక్కనే ఫోన్ పెట్టండి. దాని మైకుకి ఆనుకునేలా హెడ్‌ఫోన్ ఒక కప్పుని బోర్లించండి. వాల్యూమ్ బాగా పెంచండి. ఆ టైమ్‌లో హెడ్‌ఫోన్ చెవులకి పెట్టుకోకండి. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, ఒక్కో దెబ్బకి మధ్య రెండు సెకన్లు ఆగుతూ పది దెబ్బలు కొట్టండి. గట్టిగా, పొట్టిగా.

ఆ ఫైల్‌ని రీపర్‌లోకి లాగి, ఒక్క దెబ్బ తెరనిండా వచ్చేదాకా జూమ్ చేయండి. మొదట సన్నటి ముల్లులా ఒకటి లేస్తుంది, అది రబ్బరు మీద కర్ర శబ్దం. కొంచెం ఖాళీ. ఆ తర్వాత నిలువుగా లేచి తోకలా సాగేది ప్లగిన్ స్నేర్. ముల్లు మొదలైన చోటు నుంచి స్నేర్ మొదలైన చోటు దాకా సెలెక్ట్ చేస్తే కింద ఎన్ని మిల్లీసెకన్లో చూపిస్తుంది. పదీ రాసుకోండి.

సగటు మాత్రమే కాదు, పదిలో చిన్నదానికీ పెద్దదానికీ తేడా ఎంతుందో కూడా చూడండి. నా దృష్టిలో అదే ఇంకా ముఖ్యం. ఎప్పుడూ ఒకేలా 10 ఉంటే చేయి అలవాటు పడుతుంది. ఒకసారి 5, ఒకసారి 20 అయితే ఏ చేయీ అలవాటు పడలేదు. అలా ఊగుతుంటే హబ్, కేబుల్, మిడీ వైపు వెతకాలి.

కర్రలజత | సాయంత్రం 6:37

అక్కా, కొలిచా. సగటు 73 మిల్లీసెకన్లు! చిన్నది 71, పెద్దది 75.

కుతూహలం కొద్దీ పాత వాసాపి షేర్డ్‌కి మార్చి కూడా కొలిచా. 118. నిన్నటిదాకా దాని మీద వాయించానన్నమాట.

మా పాట నిమిషానికి 120 బీట్లు. పదహారో వంతు నోటు 125 మిల్లీసెకన్లు. ఒక నోటు దాదాపు మొత్తం వెనక ఉంటే రోల్ ఎలా కుదురుతుంది!

ఘోస్ట్‌నోట్ | సాయంత్రం 6:50

శభాష్. పది దెబ్బల్లో తేడా 4 మాత్రమే, కాబట్టి మాడ్యూల్, కేబుల్, మిడీ మంచివే. ఏదో ఒకటి స్థిరంగా ఒకే కొలత పట్టి ఆపుతోంది. ఇప్పుడు కొత్త ప్రాజెక్ట్ తెరవండి. ఖాళీది. ఒకే ట్రాక్, అందులో అదే డ్రమ్ ప్లగిన్, అదే కిట్. మళ్లీ పది దెబ్బలు.

కర్రలజత | సాయంత్రం 7:14

9.

తొమ్మిది! రోల్ కొట్టి చూశా. చర్మం మీద కొట్టినట్టు ఉంది. ఒక్కడినే గదిలో నవ్వుకున్నా. ఆపకుండా పావుగంట వాయించా, అందుకే రాయడం ఆలస్యమైంది.

మరి పాట ప్రాజెక్ట్‌లో ఏముంది?

మిక్స్‌గది | సాయంత్రం 7:22

మాస్టర్ ట్రాక్ (అన్ని ట్రాకులూ చివర కలిసే చోటు) చూడండి. నిన్న నేను "ప్లగిన్లు ఏమేం పెట్టారు" అని అడిగి వదిలేశా, మాస్టర్ గురించి విడిగా అడగాల్సింది. మిక్స్ చేసి పెట్టుకున్నానని మీరు మొదటి పోస్టులోనే చెప్పారు.

మాస్టర్ ఎఫ్ఎక్స్ విండో (దాని మీది ప్లగిన్లు కనిపించే చోటు) తెరిస్తే అడుగున సీపీయూ శాతం పక్కన శాంపిల్స్ అంకె ఉంటుంది. అది సున్నా కాకపోతే అక్కడే ఉంది మీ దొంగ.

కర్రలజత | సాయంత్రం 7:30

3072 అని ఉంది. మాస్టర్ మీద ఒకే ఒక్క ఈక్యూ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత వినిపించాలో సర్దే ప్లగిన్). లీనియర్ ఫేజ్ మోడ్‌లో.

3072ని 48,000తో భాగించా. 64 మిల్లీసెకన్లు. దానికి 9 కలిపితే 73. అక్షరాలా సరిపోయింది! ఈక్యూ తీసేసి కొలిచా, పాట ప్రాజెక్ట్‌లో కూడా 9.

కానీ ఒకటి అర్థం కాలేదు. ఇన్ని రోజులు పాట ప్లే చేసి వింటే ఎక్కడా ఆలస్యం అనిపించలేదు. అదెలా?

తరంగరేఖ | రాత్రి 8:05

మంచి ప్రశ్న. చాలామంది ఇక్కడే పొరబడతారు.

లీనియర్ ఫేజ్ ఈక్యూ అన్ని ఫ్రీక్వెన్సీలనీ ఒకే కొలతలో ఆలస్యం చేసి, వాటి మధ్య వరస చెడకుండా చూస్తుంది. అలా చేయాలంటే ఒక శాంపిల్‌కి ముందూ వెనకా ఉన్న శబ్దం రెండూ దాని చేతిలో ఉండాలి. కాబట్టి ఆగి, కొంత పోగేసుకుని, అప్పుడు వదులుతుంది. లుక్-అహెడ్ ఉన్న లిమిటర్లు కూడా అంతే, పీక్ వచ్చేలోపే వాల్యూమ్ దించాలి కదా, ముందు చూపు కావాలంటే ఆలస్యం చేయక తప్పదు. కొన్ని నాయిస్ తగ్గించే ప్లగిన్లు, కన్వల్యూషన్ రివర్బులు కూడా ఇదే కోవ.

ప్రతి ప్లగిన్ తాను ఎన్ని శాంపిల్స్ ఆపుతుందో సాఫ్ట్‌వేర్‌కి చెబుతుంది. సాఫ్ట్‌వేర్ ఆ మేరకు మిగతా ట్రాకుల్ని సర్దుతుంది. ప్లగిన్ డిలే కాంపెన్సేషన్ అంటే అదే. మీ ఈక్యూ మాస్టర్ మీద ఉంది కాబట్టి గిటార్, బేస్, కీబోర్డ్ అన్నీ కలిసి 64 వెనకొచ్చాయి. అన్నీ కలిసే వస్తే చెవికి ఏం తెలుస్తుంది? ప్లే నొక్కాక పాట కంటిరెప్పపాటు ఆగి మొదలవుతుంది, అంతే.

రికార్డైన ట్రాకుని సాఫ్ట్‌వేర్ ముందుగా చదివి పెట్టుకోగలదు. మీరు ఇంకా కొట్టని దెబ్బని ఏ సాఫ్ట్‌వేరూ ముందుగా చదవలేదు. అందుకే ఆ 64 అలాగే వచ్చి మీ చేతికి తగిలింది.

ఇది చదివే మిగతావాళ్ల కోసం: క్యూబేస్‌లో దీనికి కన్‌స్ట్రెయిన్ డిలే కాంపెన్సేషన్ అని ఒక బటన్ ఉంది. లాజిక్‌లో లో లేటెన్సీ మోడ్. ఏబుల్టన్ లైవ్‌లో ఆప్షన్స్ మెనూలో రెడ్యూస్డ్ లేటెన్సీ వెన్ మానిటరింగ్. నా వరకు నేను బటన్లని నమ్ముకోను. రికార్డింగ్ పూర్తయ్యేదాకా మాస్టర్ ఖాళీగా ఉంచుతా.

ఉడ్‌బ్లాక్ | రాత్రి 8:41

అంతా బాగుంది. ఒక్క విషయంలో నాది వేరే మాట. 9 మిల్లీసెకన్ల కోసం ఇంత పాట్లు అక్కర్లేదు. శబ్దం గాలిలో సెకనుకి 343 మీటర్లు వెళ్తుంది, అంటే 1 మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్లు. స్టేజీ మీద గిటార్ యాంప్‌కి ఏడు మీటర్ల దూరంలో నిలబడి వాయించేవాళ్లున్నారు. అది 20 మిల్లీసెకన్లు. నేను 256 బఫర్ పెట్టుకుని ఏళ్లుగా వాయిస్తున్నా.

ఘోస్ట్‌నోట్ | రాత్రి 8:58

గిటార్ విషయంలో ఒప్పుకుంటానండి. డ్రమ్మర్ విషయంలో ఒప్పుకోను. అకూస్టిక్ కిట్ ముందు కూర్చుంటే స్నేర్ నుంచి చెవికి దాదాపు 70 సెంటీమీటర్లు, అంటే 2 మిల్లీసెకన్లు. చేతులు ఏళ్ల తరబడి ఆ రెండుకి అలవాటుపడ్డాయి. నెమ్మదిగా సాగే పాటలో 15 కూడా సర్దుకుపోవచ్చు. బక్క దెబ్బలు, స్నేర్ మీద వేలితో తాకినట్టు వేసే ఘోస్ట్ నోట్లు, వేగంగా వచ్చే డబుల్స్ (ఒకే చేత్తో వెంటవెంటనే రెండు దెబ్బలు), వీటిలో కర్ర ఎగిరే తీరే శబ్దాన్ని బట్టి ఉంటుంది. 10 లోపు ఉంటే నేను మర్చిపోయి వాయిస్తా. 12, 13 అయ్యేసరికి డబుల్స్‌లో రెండో దెబ్బ బరువెక్కుతుంది. ఇది నా చేతి అనుభవం. మీ చేతికి 256 సరిపోతే అదే ఉంచుకోండి.

ఉడ్‌బ్లాక్ | రాత్రి 9:10

సరే, డబుల్స్ విషయం ఒప్పుకోవాల్సిందే. నేను వాయించేది ఎక్కువగా నెమ్మది పాటలే.

కర్రలజత | మూడో రోజు, ఉదయం 6:50

రాత్రి రెండు టేకులు తీశా. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. కానీ కొత్త చిక్కు వచ్చింది. చివరి చరణంలో క్రాష్ సింబల్ మీద దెబ్బ వెంట దెబ్బ, కింద కిక్ డబుల్స్. అక్కడ శబ్దం పట్‌పట్‌మని తెగుతోంది. బఫర్ 256 చేస్తే పోతోంది. 128 వదులుకోవాలని లేదు.

మిక్స్‌గది | ఉదయం 7:35

వదులుకోనక్కర్లేదు. ఇంత సేపూ మీ మెషీన్ చల్లగా ఉంది, ఇప్పుడు దానికి నిజంగా పని పడింది.

ఒక క్రాష్ దెబ్బ అంటే ఒక్క శాంపిల్ కాదు. క్లోజ్ మైకు, ఓవర్‌హెడ్ జత, రూమ్ మైకులు, ఒక్కోదానికీ విడి ఫైల్. తోక పూర్తిగా ఆరేలోపు మీరు ఇంకో నాలుగు కొడతారు. అన్నీ కలిసి ఒకేసారి మోగాలి. ప్లగిన్‌లో వాయిస్ లిమిట్ (ఒకేసారి ఎన్ని శబ్దాలు మోగాలో చెప్పే హద్దు) లాంటిది ఉంటే సింబల్స్‌కి తగ్గించండి. వాయించేటప్పుడు అవసరంలేని రూమ్ మైకులు ఆపేయండి, తర్వాత ఎలాగూ మిడీనే కదా, మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. శాంపిల్స్ తిరిగే డిస్క్ మీద ఉంటే ఎస్ఎస్‌డీకి మార్చండి. మెమరీ ఉంటే కిట్ మొత్తం మెమరీలోకే ఎక్కించే ఆప్షన్ వాడండి.

విండోస్ పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్‌లో పెట్టి, ఛార్జర్ తగిలించి వాయించండి. వైఫై ఆపండి. లేటెన్సీమాన్ అని ఉచిత ప్రోగ్రాం ఉంది, పది నిమిషాలు నడిపితే ఏ డ్రైవర్ ప్రాసెసర్‌ని పట్టుకుని కూర్చుంటోందో పేరుతో సహా చెబుతుంది. చాలాసార్లు అది నెట్‌వర్క్ డ్రైవరే.

ఇవన్నీ అయ్యాక కూడా తెగితే ఒక పాత పద్ధతి ఉంది. నాకు అన్నిటికంటే ఇదే ఇష్టం. గిటార్, బేస్, కీబోర్డ్ కలిపి ఒకే స్టీరియో ఫైల్‌గా రెండర్ చేయండి. కొత్త ప్రాజెక్ట్‌లో ఆ ఒక్క ఫైలూ, డ్రమ్ ప్లగినూ తప్ప ఏమీ ఉండకూడదు. అందులో వాయించి, మిడీని మాత్రం పాత ప్రాజెక్ట్‌లోకి తెచ్చుకోండి. టెంపో రెండిట్లో ఒకటే ఉండాలి, ఫైల్ సరిగ్గా సున్నా దగ్గర మొదలవ్వాలి. పాటలో టెంపో మారుతుంటే ఆ మార్పులన్నీ కూడా తీసుకెళ్లాలి. ఇది మర్చిపోతే మిడీ జారిపోతుంది.

సింబల్‌నీడ | ఉదయం 10:15

క్షమించండి, మధ్యలో దూరుతున్నా. నాకూ డ్రమ్ కిట్, డ్రమ్ ప్లగినే. కానీ నాకు ఆలస్యంతోపాటు ప్రతి దెబ్బా రెండుసార్లు వినిపిస్తోంది. "తటక్" అని. ఆసియో 128 ఉంది, మాస్టర్ ఖాళీ. మాడ్యూల్ ఆడియో అవుట్ కూడా ఇంటర్‌ఫేస్‌కే పెట్టాను.

తరంగరేఖ | ఉదయం 10:40

మీరు వింటున్నది ఒక డ్రమ్ కాదు, రెండు. మొదటి "త" మాడ్యూల్ సొంత శబ్దం. అది వెంటనే వస్తుంది. రెండోది ప్లగిన్. డైరెక్ట్ మానిటర్ ఆన్‌లో ఉంటే మాడ్యూల్ శబ్దం నేరుగా హెడ్‌ఫోన్‌కి వచ్చేస్తుంది. పక్కనే వెంటనే వచ్చే శబ్దం ఉంది కాబట్టి ప్లగిన్ ఉన్నదానికంటే ఆలస్యంగా అనిపిస్తుంది. మాడ్యూల్ మిడీ సెట్టింగుల్లో లోకల్ కంట్రోల్ (కొడితే మాడ్యూల్ సొంత శబ్దం మోగించే సెట్టింగ్) ఆఫ్ చేయండి, లేకపోతే ఆ ఆడియో కేబుల్ తీసేయండి. అయినా రెండు వస్తే సాఫ్ట్‌వేర్‌లో ఒకే మిడీ రెండు ట్రాకులకి వెళ్తోందేమో చూడండి.

కర్రలజత | సాయంత్రం 5:58

మిక్స్‌గది గారూ, వైఫై ఆపి, పవర్ ప్లాన్ మార్చి, రూమ్ మైకులు ఆపా. 128 దగ్గర చివరి చరణం ఒక్కచోట కూడా తెగలేదు. స్టీరియో ఫైల్ పద్ధతి దాకా వెళ్లే అవసరం రాలేదు.

రూమ్ మైకులు ఆపాక ఇంకోటి గమనించా. కొలత 9 దగ్గరే ఉంది కానీ స్నేర్ ఇంకా దగ్గరికొచ్చినట్టు అనిపిస్తోంది. నా భ్రమా?

ఘోస్ట్‌నోట్ | సాయంత్రం 6:20

భ్రమ కాదు. రూమ్ మైకుని రికార్డ్ చేసినప్పుడు అది డ్రమ్‌కి మూడు మీటర్ల దూరంలో ఉందనుకోండి, ఆ శబ్దం శాంపిల్‌లోనే 9 మిల్లీసెకన్లు వెనక ఉంటుంది. ప్రీసెట్‌లో రూమ్ ఎక్కువగా కలిపి ఉంటే దెబ్బ బరువంతా ఆ వెనక శబ్దంలోకి వెళ్తుంది. ముల్లు చోటు మారదు కాబట్టి కొలతలో కనిపించదు. వాయించేటప్పుడు పొడిగా, దగ్గరగా ఉండే కిట్ పెట్టుకోండి. మిక్స్‌లో మీకు నచ్చిన గది పెట్టుకోండి.

కర్రలజత | సాయంత్రం 6:33

అర్థమైంది అక్కా. ఆఖరి ప్రశ్న. పాత టేకుల్లో ఒకటి రెండు చోట్ల ఫిల్స్ (బీట్ మధ్యలో వేసే చిన్న విన్యాసాలు) బాగా కుదిరాయి. వాటిని 118 వెనక్కి జరిపి వాడుకోవచ్చా?

ఘోస్ట్‌నోట్ | సాయంత్రం 6:47

ప్రయత్నించండి కానీ నేనైతే వాడను. నోట్లు కొన్ని 80, కొన్ని 110 ముందున్నాయని మీరే రాశారు. నెమ్మదిగా ఉన్నచోట మీరు పూర్తిగా సర్దుకున్నారు, ఫిల్ వచ్చేసరికి చెవి మాట వదిలేసి చేతిని నమ్ముకున్నారు. ఒకే కొలతలో జరిపితే కొన్ని చోట్ల గీత దాటిపోతాయి. క్వాంటైజ్ చేస్తే గీత మీదికి వస్తాయి, వాయించిన తీరు పోతుంది. గట్టిదనం కూడా చూడండి. శబ్దం రాలేదనిపించి కొన్ని దెబ్బలు అవసరానికి మించి గట్టిగా కొట్టి ఉంటారు. ఫిల్స్ మీ చేతిలో ఉన్నాయి, మళ్లీ వస్తాయి.

కర్రలజత | నాలుగో రోజు, రాత్రి 10:30

పాట మొత్తం కొత్తగా వాయించా. మూడో టేక్ ఉంచుకున్నా. నోట్లు చాలావరకు గీతకి 10 మిల్లీసెకన్ల లోపే ఉన్నాయి, కొన్ని ముందు, కొన్ని వెనక. ముట్టుకోలేదు. రెండో చరణంలో ఘోస్ట్ నోట్లు వినిపిస్తున్నాయి, వెలాసిటీ (దెబ్బ గట్టిదనం అంకె) 25, 30 దగ్గర. పాత టేకుల్లో అవి అసలు లేవు.

మాస్టర్ మీద లీనియర్ ఫేజ్ ఈక్యూ తిరిగి పెట్టి, బఫర్ 1024 చేసి, ఇప్పుడు మిక్స్ చేస్తున్నా. రేపు ఉదయం గాయనికి పంపుతా. తరంగరేఖ గారికి, మిక్స్‌గది గారికి, ఘోస్ట్‌నోట్ అక్కకి చాలా చాలా థ్యాంక్స్.

లయ_పిచ్చి | రాత్రి 10:44

అన్నా, నేను కూడా ఫోన్ పెట్టి కొలిచా. 31 వచ్చింది. మాస్టర్ మీద లిమిటర్ ఉంది, 1024 శాంపిల్స్. తీస్తే 10. ఆర్నెల్లుగా అలాగే వాయిస్తున్నా!

సింబల్‌నీడ | రాత్రి 11:02

లోకల్ కంట్రోల్ ఆఫ్ చేశాను. ఇప్పుడు ఒక్క దెబ్బే వినిపిస్తోంది.